నీళ్లు ఎటు పోతున్నాయి?

పచ్చ హెల్మెట్ ముందు వైపు తెల్ల టేపు ముక్క అంటించి, మార్కరు చేతికిచ్చి, పేరు రాసుకోమంది అక్కడి మేస్త్రీ ఆవిడ. నా పేరు మొత్తం రాస్తే ఆ టేపు చాలదు. ఇంటిపేరూ దేవుడి పేరూ వదిలేసి, చివర మిగిలిన ‘రావు’ ఒక్కటీ ఇంగ్లీషులో రాసి నెత్తిన పెట్టుకున్నాను. అరవై ఏడేళ్ల వయసులో, అమెరికాలో, సెప్టెంబరు నెల శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి, జీతం బత్తెం లేని మట్టిపనికి నేను హాజరు వేయించుకున్నది అలాగ.

పల్నాడు పక్క కాలువల మీద ముప్ఫై మూడేళ్లు పనిచేశాను. వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి అసిస్టెంట్ ఇంజినీరుగా దిగాను. ఎన్ని మస్టరు రోల్స్ రాశానో లెక్కలేదు. నా పేరు ఒక మస్టరులోకి ఎక్కడం మాత్రం అదే మొదలు.

మా అబ్బాయి ఉండేది సియాటిల్‌కి తూర్పున ఇస్సక్వా అనే ఊళ్లో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల సమామిష్, రెడ్మండ్, బోతెల్, ఎటు తిరిగినా తెలుగు మాట చెవిన పడుతుంది. ఆర్నెల్ల కోసం వచ్చిన నాలాంటి తల్లిదండ్రులు సాయంత్రమయ్యేసరికి కాలనీ పార్కులో బెంచీ మీద చేరతారు. ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్తారు, షుగరుందా. ఈ మూడు ప్రశ్నలూ అయ్యాక ఇక మాటలుండవు. మూడు వారాలు నా అవస్థ చూసిన మా కోడలు, “మామయ్యగారూ, శనివారం నాతో రండి, మీకు తెలిసిన పనే, మట్టిపని” అంది. మా ఆవిడ పకపకా నవ్వింది. “ఇన్నాళ్లూ ఎవరి చేతో చేయించారుగా, ఇప్పుడు చేయండి” అంది. విజిటర్ వీసా మీద వచ్చి పనేమిటని నా భయం నాది. జీతం పుచ్చుకోని సేవకి అడ్డు లేదని మా అబ్బాయి కనుక్కొని చెప్పాక కదిలాను.

మేం పోయింది ఊరి వెనకే ఉన్న టైగర్ మౌంటెన్ మీదికి. పేరుకే పులి. ఉన్నవి ఎలుగుబంట్లూ, కూగర్ అనే కొండ సింహాలూ. అవీ మనుషుల కంట పడేది అరుదు. ఎత్తయిన శిఖరం కూడా మూడు వేల అడుగులకి పిసరంత ఎక్కువ, అంతే. వందేళ్ల కిందట ఆ కొండల మీద మహావృక్షాలన్నీ నరికి, రైలు పట్టాలు వేసి దుంగలు దింపారు. తిరిగి పెరిగిన అడవి ఇప్పుడున్నది. 13 వేల ఎకరాలు పైబడిన ఆ రాష్ట్ర ప్రభుత్వ అడవిలో ఇప్పటికీ వంతులవారీగా కలప కొడతారు, మళ్లీ నాటుతారు. మిగతా కొండంతా నడిచేవాళ్లది.

1970ల్లో హార్వీ మానింగ్ అనే రచయిత ఈ చిన్న కొండల వరసకి ‘ఇస్సక్వా ఆల్ప్స్’ అని పేరు పెట్టాడు. యూరప్ ఆల్ప్స్ ఎక్కడ, ఇవెక్కడ! మన కోటప్పకొండని హిమాలయం అన్నట్టుంటుంది. కానీ పేరు పట్టుకుంది. మామూలు గుట్ట అంటే నరికినా ఎవరూ అడగరు, ఆల్ప్స్ అంటే అడుగుతారని ఆయన ఎత్తు కాబోలు. 1979లో ఆ పేరుతోనే ఒక నడక సంఘం పుట్టింది. అదే ఏడాది టైగర్ మౌంటెన్ ట్రెయిల్ కూడా పూర్తయింది. పదహారు మైళ్ల కాలిబాట. దాని వెనక ఉన్న మనిషి ఇంజినీరూ కాదు, కాంట్రాక్టరూ కాదు. బిల్ లాంగ్‌వెల్ అనే హైస్కూలు మాస్టారు. సెలవు దినాల్లో పిల్లల్నీ స్నేహితుల్నీ వెంటేసుకుని ఏళ్ల తరబడి తవ్వాడు. ఎస్టిమేటు లేదు, టెండరు లేదు, శంకుస్థాపన రాయి లేదు. నా బుర్రకి ఇది ఎక్కడానికి కొంత టైము పట్టింది.

ఇక ఆ శనివారం సంగతి. మమ్మల్ని పిలిచింది వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్. 1966లో లూయిస్ మార్షల్ అనే ఆవిడ నడిచేవాళ్ల కోసం ‘సైన్‌పోస్ట్’ అనే పత్రిక మొదలుపెట్టింది. ఆ పత్రిక చుట్టూ చేరిన మనుషులే తర్వాత సంఘమయ్యారు. అడవి దారులు బాగుచేయడానికి సర్కారు దగ్గర చాలినంత డబ్బూ మనుషులూ లేని రోజుల్లో, 1993లో, గ్రెగ్ బాల్ అనే ఆయన ‘మనమే చేద్దాం’ అని వాలంటీర్ల పని మొదలుపెట్టించాడు. ఇప్పుడు రాష్ట్రమంతటా ఏటా లక్ష గంటలకు పైగా పని ఈ పచ్చ టోపీలవాళ్లు చేస్తారు. పచ్చది మనలాంటివాళ్లకి. నీలం టోపీ మేస్త్రీ చేతికింద ఉండేవాళ్లకి. నారింజ రంగుది మేస్త్రీకి. మా మేస్త్రీ డెబ్బైకి దగ్గర్లో ఉన్న సన్నపాటి ఆవిడ, రిటైరైన నర్సు. ఆవిడకంటే ఆవిడ చేతిలో గునపమే బరువుగా కనపడింది.

అందరినీ గుండ్రంగా నిలబెట్టి మూడు మాటలు చెప్పింది. మొదటిది జాగ్రత్త. రెండోది సరదా. మూడోది పని. వరస అదే, తేడా రాకూడదంది. పని మూడోదా! నా సర్వీసులో ఈ మాట పై అధికారి ముందు అని ఉంటే ఆ సాయంత్రానికే మెమో వచ్చేది. మధ్యాహ్నానికి దాని మర్మం తెలిసింది. జీతం ఇవ్వని మనిషి వచ్చే శనివారం మళ్లీ రావాలంటే ఇంటికి దెబ్బ తగలకుండా పోవాలి, నవ్వుతూ పోవాలి. ఆ రెండూ ఉంటే పని దానంతటదే అవుతుంది.

పనిముట్లు పరిచి పెట్టారు. సగం నాకు తెలిసినవే, పేర్లే వేరు. రాక్ బార్ అంటే మన గునపమే. మక్లౌడ్ అనేదానికి ఒకవైపు వెడల్పాటి పార, రెండోవైపు దంతె పళ్లు. తవ్విన మట్టిని లాగడానికీ, చదును చేసి అణచడానికీ ఒకటే సరిపోతుంది. అందరూ ముందు చేయి వేసేది మాత్రం పులాస్కీ మీద. ఒక పక్క గొడ్డలి, ఒక పక్క బాడిస. వేరు అడ్డమొస్తే తిప్పి నరకడం, మట్టి వస్తే తిప్పి తవ్వడం. ఆ పేరు ఒక మనిషిది. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానా కొండల్లో దాదాపు 30 లక్షల ఎకరాల అడవి తగలబడింది. ఎడ్ పులాస్కీ అనే ఫారెస్టు రేంజరు మంటల మధ్య చిక్కిన నలభై పైచిలుకు మందిని ఒక పాత గని సొరంగంలోకి తోలాడు. పొగకి ఆగలేక బయటికి ఉరకబోయినవాళ్లని పిస్తోలు చూపించి ఆపాడు. అయిదుగురు లోపలే పోయారు, మిగతావాళ్లు బతికారు. తర్వాత ఆయన తీర్చిదిద్ది వాడుకలోకి తెచ్చిన పనిముట్టుకే ఆ పేరు నిలిచింది. మన కమ్మరి కొలుముల్లో ఇంత మంచి పనిముట్లు ఎన్నో పుట్టాయి. ఒక్కదానికైనా చేసినవాడి పేరు ఉందా అని ఆలోచించుకుంటూ నడిచాను.

నడకకీ పద్ధతుంది. పనిముట్టు భుజాన వేసుకోకూడదు. లోయ వైపు చేతిలో, కిందికి వేలాడదీసి పట్టుకోవాలి. కాలు జారితే అది అటు పడుతుంది, మనం ఇటు పడతాం. మనిషికీ మనిషికీ పదడుగుల ఎడం. ఎవరైనా నడిచేవాళ్లు వస్తుంటే ముందున్నవాళ్లు “హైకర్!” అని కేకేస్తారు. ఆ కేక ఒకరి నుంచి ఒకరికి కిందదాకా పాకుతుంది. అందరూ పని ఆపి, పనిముట్టు నేలకానించి పక్కకి జరుగుతారు. పోయేవాళ్లు ప్రతి ఒక్కరూ ‘మీ పనికి థాంక్స్’ అని పోతారు. మొదటి గంటలో ఇరవైసార్లు విన్నాను. ముప్ఫై మూడేళ్లలో కాలువ గట్టు మీద నాకు ఎదురైన మాటలు వేరు.

ముప్పావు మైలు లోపల దారికి అడ్డంగా ఒక బురద గుంట ఉంది. లోతు జానెడు లేదు. కానీ జనం షూ తడవకుండా ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ తొక్కుకుంటూ పోయి, మూడడుగుల దారిని పదడుగులు చేశారు. ఫెర్న్ మొక్కలు నలిగి చచ్చాయి. ఇంకో రెండు వానాకాలాలు వదిలేస్తే అక్కడ దారి ఉండదు, గేదెల మడుగు ఉంటుంది. “ఇదేమిటో చెప్పండి” అంది మేస్త్రీ. అందరూ బురద అన్నారు. నేను మాత్రం గుంట వైపు చూడకుండా ఎగువకి పది గజాలు నడిచి, అక్కడ వంగి చూశాను. ఆవిడ నన్ను చూసి నవ్వింది. దొంగ దొరికింది అక్కడే.

అడవిలో కాలిబాట అంటే మనుషులు నడిచే కాలువ. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అంతే. కొండ వాలుకి అడ్డంగా ఒక మెట్టులా చెక్కుతారు. పైన పడిన వాన వాలు వెంట దిగి, ఆ మెట్టు మీదుగా దాటి, కిందికి పోవాలి. అందుకే దారిని లోయ వైపుకి కొద్దిగా, నడిచేవాళ్ల మడమకి తెలిసీ తెలియనంత, వాలుగా ఉంచుతారు. చేసిన రోజు బాగానే ఉంటుంది. తర్వాత వేల కాళ్లు దాని నడుమ పడతాయి. నడుమ దిగుతుంది. బయటి అంచున మట్టీ ఆకూ చేరి, సన్నని గట్టు లేస్తుంది. మన పొలం గట్టులాగే, కాకపోతే ఎవరూ వేయని గట్టు. ఇక నీళ్లు దాటిపోలేవు. దారి వెంటే పరిగెడతాయి. పరిగెత్తే కొద్దీ మట్టిని కోసుకుపోతాయి, పల్లం వచ్చిన చోట దించేస్తాయి. మనం తిట్టుకునే బురద ఆ దించిన మట్టే. కనుక గుంట పూడ్చడం పని కాదు. ఎగువన ఆ గట్టు తెగ్గొట్టి, నీళ్లకి ముందే ఒక దారి చూపించాలి.

అక్కడ తప్పు చేశాను. నాకు తెలియని పనా అన్న ధీమాతో పులాస్కీ పుచ్చుకుని, దారికి అడ్డంగా అడుగు వెడల్పున, అడుగు లోతున, సూటిగా బోదె తీసేశాను. పొలంలో అయితే మెచ్చుకునేవాళ్లు. మేస్త్రీ వచ్చి చూసి, నొచ్చుకోకుండా, పూడ్చేయమంది. సన్నని లోతు బోదె రెండు వానలకి ఆకులతో నిండిపోతుంది, తీయడానికి అడవిలో ఎవరున్నారు? పైగా చీకట్లో దిగివచ్చేవాడి కాలు విరుగుతుంది. ఇక్కడ కావలసింది బారెడు వెడల్పున, పళ్లెంలా, ఉందని కూడా తెలియని పల్లం. నడిచేవాడు గమనించకూడదు, నీరు మాత్రం గమనించాలి. అంత వెడల్పుంటే నీరు తన చెత్త తనే ఊడ్చుకుపోతుంది.

రెండున్నర గంటలు పట్టింది. ముందు పైన ఉన్న ఆకుమట్టి అంతా గీకేశాం. మెత్తగా, నల్లగా, ముక్కుకి కమ్మగా ఉంటుంది. కానీ దారికి పనికిరాదు, స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. కింద పసుప్పచ్చగా, గట్టిగా అసలు మట్టి తగిలేదాకా పోవాలి. మక్లౌడ్‌తో లోయ వైపుకి లాగి, అంచుని నాలుగడుగుల మేర పూర్తిగా తెరిచి, ఆ అవతల ఇంకో గజం దాకా వాలు దిద్దాం. లాగిన మట్టి అంచునే కుప్పపోయకూడదు. దూరంగా విసిరేయాలి, లేకపోతే మనమే కొత్త గట్టు వేసినట్టు. అంతా అయ్యాక నా మంచినీళ్ల సీసా మూత తీసి ఎగువన ఒంపాను. పాత అలవాటు. కాలువ గట్టు కాసే మా లస్కరు ఒకడు నేర్పింది. మట్టం గొట్టం లేనప్పుడు చెంబుడు నీళ్లు పోసి చూడమనేవాడు. నీళ్లు రెండు చీలికలై, తటపటాయించి, ఒకటై, అంచు దాటి ఫెర్న్‌ల కిందికి జారిపోయాయి. పద్దెనిమిదేళ్ల కాలేజీ కుర్రాడొకడు చప్పట్లు కొట్టాడు.

ఆ లస్కరు సంగతి ఇక్కడ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. 1990ల్లో ఒక నవంబరు, శుక్రవారం సాయంత్రం. ఇంటికి వచ్చి, “అయ్యా, అయిదో మైలు దగ్గర గట్టు అవతల చెమ్మ కనపడతంది, ఎండ్రకాయ బొక్కలాగుంది” అన్నాడు. పొద్దుపోయింది. మర్నాడు మేనల్లుడి పెళ్లి. సోమవారం చూద్దాంలే అన్నాను. ఆదివారం తెల్లారగట్ట గండి పడింది. బొటనవేలు పట్టే బొక్క రెండు లారీలు పట్టేంత అయింది. కోతకొచ్చిన చేలల్లో మోకాటి లోతు ఇసుక మేట. నేను రాసిన రిపోర్టులో ‘అధిక వర్షం’ అని ఉంది. శుక్రవారం ఊసు లేదు, లస్కరు ఊసు లేదు. తప్పు నాదని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనలేదు. కాలువ తవ్వినవాళ్ల పేర్లు రాళ్ల మీద ఉంటాయి. రోజూ గట్టు వెంట నడిచి బొక్కలు చూసేవాడి పేరు మస్టరులో కూడా సరిగ్గా పడదు. అందుకే, కొత్త దారి వేసిన సంఘాలకంటే వేసిన దారిని చూసుకుంటూ తిరిగేవాళ్లంటేనే నాకు గురి.

అలా చూసుకుంటూ తిరగడం ఎంత పెద్ద పనో మా కోడలు మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. అమెరికా తూర్పు పక్క జార్జియా నుంచి మెయిన్ దాకా, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్ల అపలేషియన్ ట్రెయిల్ ఉంది. 1921లో బెంటన్ మకాయ్ అనే ఆయన ఒక వ్యాసంలో ఆ ఊహ రాశాడు. 1937కి దారి పూర్తయింది. అంటే పదహారేళ్లలో వేశారు. ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా చూసుకుంటూనే ఉన్నారు. ముప్ఫై దాకా స్థానిక క్లబ్బులు ముక్కలు ముక్కలుగా పంచుకున్నాయి. ఫలానా వంక నుంచి ఫలానా వంక దాకా ఫలానావాళ్లది. మా రోజుల్లో లస్కరు బీటు ఎలాగో అలాగే. 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద పూర్తిగా వదిలేసిన అడవుల్లో మోటారు పనిముట్టు తేకూడదు. చెట్టు పడితే ఇద్దరు మనుషులు లాగే పొడుగు రంపంలాంటి చేతి పనిముట్లతోనే కోయాలి. చిన్నప్పుడు మా ఊరి అడితీలో పైనొకడు, గోతిలో ఒకడు నిలబడి దుంగలు కోసేవాళ్లు. అలాంటి రంపం నేను మళ్లీ చూస్తాననుకోలేదు.

భోజనం అంటే అక్కడ ఎవరి డబ్బా వాళ్లది. మా ఆవిడ పులిహోర కట్టి ఇచ్చింది. నర్సమ్మ ఒక స్పూను రుచి చూసి, తర్వాత అడక్కుండానే డబ్బా దగ్గరికి జరిగింది. ఆవిడ జేబులోంచి అందరికీ చాక్లెట్లు పంచింది. అదీ జీతం.

పనిలో ఉండగానే మన కుర్రాళ్ల గుంపొకటి వచ్చింది. “హైకర్!” కేక అయింది, పక్కకి జరిగాను. అందులో ఒకడు నా టోపీ మీద పేరు చదివి ఆగిపోయాడు. “అంకుల్, తెలుగా? మీరేంటి ఇక్కడ?” అన్నాడు. వాళ్లు అంతకు ముందు వారం తెల్లవారుజామున ఇదే కొండ మీద పూ పూ పాయింట్ ఎక్కారట. ఆ పేరు చెప్పి వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు. అది పాత రోజుల్లో దుంగలు లాగేవాళ్లు సైగ కోసం ఊదే కూత చప్పుడు. ‘పూ, పూ’ అని కొండంతా వినిపించేదట. ఇప్పుడక్కడ గాలి తెరచాపలతో జనం ఎగురుతుంటారు. కుర్రాళ్లు బురద గుంట దగ్గరికి వచ్చి, అలవాటుగా పక్క ఫెర్న్‌ల మీదుగా తొక్కబోయారు. “నడిమి నుంచి పోండి నాయనా, షూ తడిస్తే ఆరతాయి” అన్నాను. ముఖాలు చూసుకుని, బురదలోంచే పోయారు. దారి బాగుండాలంటే నడిచేవాళ్లు చేయగలిగిన మొదటి సాయం అదే.

అక్టోబరులో ఒక ఆదివారం సియాటిల్ నగరంలో ఒక పార్కుకి తీసుకెళ్లింది కోడలు. అది వేరే రకం పని. ఆ ఊరి పార్కుల్లో అడవి చాలా ఉంది. 2,500 ఎకరాలు. వందేళ్ల కిందట పెద్ద చెట్లు కొట్టేశాక మొదట లేచినవి ఆల్డర్, మేపుల్. వాటి ఆయుష్షు తక్కువ. అవి పోయేలోపు కింద దేవదారు జాతులు ఎదగాలి. ఎదగనీయకుండా నేలంతా ఐవీ తీగ, ముళ్ల బ్లాక్‌బెర్రీ కమ్మేశాయి. 2005 ప్రాంతంలో నగరపాలక సంస్థా స్వచ్ఛంద సంస్థలూ కలిసి గ్రీన్ సియాటిల్ పార్ట్‌నర్‌షిప్ అని పెట్టి, ఇరవై ఏళ్లలో ఆ ఎకరాలన్నీ బాగుచేయాలని పూనుకున్నారు. ఒక్కో పార్కుకీ తర్ఫీదు పొందిన వాలంటీరు పెత్తనం.

ఆ ముళ్ల కంప పేరు వినగానే నాకు రోషం వచ్చింది. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అట. ఇదీ మన నెత్తినే రుద్దారా అనుకున్నాను. తీరా అసలు కథ వేరు. దానికీ హిమాలయాలకీ సంబంధం లేదు, పుట్టిల్లు ఆర్మేనియా, ఇరాన్ వైపు. లూథర్ బర్బాంక్ అనే పేరుమోసిన మొక్కల పెంపకందారు ఇండియా నుంచి తెప్పించుకున్న విత్తనాల్లో అదొకటి వచ్చింది. ‘హిమాలయా జెయంట్’ అని పేరు పెట్టి అమ్మాడు. పండు తియ్యన, పెద్దది. అందరూ నాటుకున్నారు. పక్షులు మిగతా పని చూసుకున్నాయి. మన సర్కారు తుమ్మ కథా ఇంతే కదా. వంటచెరకుకి పనికొస్తుందని తెచ్చిపెట్టుకున్నాం, ఇప్పుడు చెరువు గర్భాలన్నీ దానివే.

కంప కొట్టడం తేలిక. కింద పిడికెడంత గడ్డ ఉంటుంది. అది పీకకపోతే కొట్టిందంతా వృథా, చిగురు రెట్టింపవుతుంది. ఒక్కొక్క గడ్డకీ పది నిమిషాలు. తీసిన నేల మీద మళ్లీ మొలవకుండా గోనెసంచులు పరిచారు. కాఫీ గింజలు వేయించే కంపెనీలవాళ్లు ఊరికే ఇచ్చే సంచులు. బ్రెజిల్, కొలంబియా అని అచ్చులు. సంచికి కత్తిరితో గాటుపెట్టి, అందులోంచి గుంత తవ్వి, దేవదారు మొక్కని దించాలి. ఒకటి రెండేళ్లకి సంచి కుళ్లి మట్టిలో కలుస్తుంది. నాట్లు అక్టోబరు నుంచి మార్చి దాకానే. అక్కడ వాన శీతాకాలంలోనే. సియాటిల్‌లో ఏడాదికి 37 అంగుళాలకి అటూ ఇటూ, మన గుంటూరు వైపుకంటే మరీ ఎక్కువేం కాదు. కానీ మనకి నాలుగు రోజుల్లో కుమ్మరించి పోయేది, వాళ్లకి ఆర్నెల్లు ముసురుగా పడుతుంది. ఎండాకాలం చుక్క ఉండదు. నాటిన మొదటి రెండు మూడు ఎండాకాలాలు దాటిస్తే గానీ మొక్క దక్కదు. నాటడానికి నూట యాభై మంది వస్తారు, ఆగస్టులో చూడ్డానికి ముగ్గురు వస్తారు అని ఆ పార్కు పెద్దాయన చెప్పాడు. ఈ మాట నాకు ఎవరూ తర్జుమా చేసి చెప్పక్కర్లేకపోయింది.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, ఉన్నాయి. ఆ మాటకొస్తే చెరువుల కింద కుడిమరామత్తు అని పాత పద్ధతే ఉండేది. ఆయకట్టువాళ్లు ఏటా ఇంత పని చేసి పూడిక తీయాలి, కట్ట సరిచేయాలి. అందరూ కలిసి పాటలు పాడుకుంటూ చేశారని మురిసిపోయే వ్యాసాలు చాలా చదివాను. నమ్మకండి. అంత ఇష్టంగా చేస్తుంటే 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం ఎందుకు తెస్తుంది? తట్ట ఎవరి నెత్తి మీదికి ఎక్కేదో, గొడుగు పట్టుకుని గట్టు మీద ఎవరు నిలబడేవారో పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మన భాషలో శ్రమదానం పక్క గుమ్మంలోనే వెట్టి కాపురముంది. 1997 జనవరిలో జన్మభూమి మొదలైనప్పుడు శ్రమదానం మాట మళ్లీ ఊరూరా మోగింది. కొన్ని ఊళ్లలో నిజంగా పని జరిగింది, నేనే కొలిచాను. కొన్ని చోట్ల తట్ట చేతులు మారింది ఫొటో తీసినంతసేపే. ఆ ఫొటోల్లో నేనూ ఉన్నాను.

టైగర్ మౌంటెన్ మీద నర్సమ్మా, కాలేజీ కుర్రాడూ, కంపెనీ డైరెక్టరూ, నేనూ ఒకే బురదలో ఉన్నాం. ఎవరి హోదా ఎవరికీ తెలియదు. అది బాగుంది. అయితే ఒకటి గమనించాను. వచ్చినవాళ్లందరికీ కారుంది, శనివారం సెలవుంది, మడమ దాకా వచ్చే మంచి బూట్లున్నాయి. శనివారం కూడా పనికి పోతేనే అద్దె గడిచేవాళ్లు ఆ అడవి అంచునే ఉంటారు గానీ ఆ వలయంలో నిలబడరు. ఈ ముక్క కోడలితో అంటే కాసేపు ఆలోచించి, “నిజమే మామయ్యగారూ” అంది. అంతకుమించి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

డిసెంబరు దాకా ఆ కొండ మీద నాలుగుసార్లు వెళ్లాను. అయిదుసార్లు వెళితే పేరు చెక్కిన సొంత హెల్మెట్ ఇస్తారు. కోడలికి ఉంది, కారు డిక్కీలో దేవుడి పటంలా పెట్టుకుంటుంది. నాది నాలుగు దగ్గర ఆగింది. జనవరి మొదటి వారంలో టిక్కెట్లు. వచ్చేముందు టోపీ మీద టేపు పీకి, పాస్‌పోర్టు కవరు లోపల అంటించుకున్నాను.

నరసరావుపేటలో ఇప్పుడు పొద్దున్నే మళ్లీ వాకర్స్ అసోసియేషన్‌తో మునిసిపల్ పార్కు చుట్టూ తిరుగుతున్నాను. తిరిగేది దారి మీదే గానీ చూపంతా అంచుల మీదే. మొన్న వాన కురిసిన మర్నాడు, ట్రాకు నీళ్లు బయటికి పోవాల్సిన చోట బాదం ఆకుల దొంతర చూసి కాలితో తోస్తుంటే, “ఏం పారేసుకున్నారు సార్?” అని అడిగాడు వెనకవాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి తొమ్మిదికి అబ్బాయి వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దున ఏడున్నర, సన్నగా ముసురు. వాడు ఎన్నడూ మాతో అడవికి వచ్చినవాడు కాదు. మీటింగులు. ఆ రోజెందుకో ఆఫీసుకి పోతూ కారాపి లోపలికి నడిచాడట.

“నాన్నా, ఇదిగో నీ కాలువ. పనిచేస్తోంది చూడు” అని ఫోను కిందికి దించాడు.

తడిసిన మట్టి, దాని మీద వేలెడు వెడల్పున నీటి పాయ. బురద గుంట ఆరలేదు గానీ సగం అయింది. పక్కన తొక్కుడు దారుల్లో పచ్చిక లేస్తోంది.

“చివర చూపించు” అన్నాను.

“ఇదే చివర.”

“అది కాదురా, లోయ వైపు. అంచు దాటాక నీళ్లు ఎటు పోతున్నాయో చూపించు.”

ఫోను ఊగింది. ఫెర్న్ ఆకులు, వాడి నల్ల బూటు, మళ్లీ ఆకులు. అంచు దగ్గర మేపుల్ ఆకులూ ఒండ్రూ కలిసి నాలుగు వేళ్ల ఎత్తున కట్ట కట్టాయి. నీరు దాని వెనక చేరి, దారి వైపు వెనక్కి చూస్తోంది.

“అదుగో, ఆ మట్టి తీయి.”

“నాన్నా, నేను ఆఫీసు బట్టల్లో ఉన్నాను.”

నేనేమీ అనలేదు. తెర మీద కాసేపు ఆకాశం, చెట్ల తలలు, అద్దం మీద పడ్డ రెండు చినుకులు. ఫోను జేబులోకి పోయినట్టుంది, అంతా చీకటైంది. లోపలినుంచి బూటు మడమతో మట్టి గీకుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.